డేటా 2 జీబీ... ముక్కలు 6,400!

దసరాకి ముందు వచ్చే శనివారం సాయంత్రం బట్టల షాపుల వాళ్ల పరిస్థితి ఎలా ఉంటుందో మీకు తెలుసు. మంచినీళ్లు తాగే తీరిక కూడా ఉండదు. రెండేళ్ల కిందట అలాంటి ఓ శనివారం, ఆరున్నరకి నా ఫోన్ మోగింది. ఆ వారం సపోర్ట్ డ్యూటీ నాది. ఫోన్ చేసింది తెనాలిలో చీరల షాపు నడిపే ఒక ఆంటీ.

“బాబూ, మీ యాప్‌లో మా షాపు ఓపెన్ చేసి ‘మంగళగిరి’ అని కొడితే గిర్రున తిరుగుతోంది తప్ప ఒక్క చీరా రావట్లేదు. గుంటూరు నుంచి కస్టమర్ ఫోన్ చేసి మరీ చెప్పింది. కాస్త చూడు నాన్నా, ఇవాళ పోతే ఈ బేరం మళ్లీ రాదు.”

“పది నిమిషాల్లో చూస్తానండీ” అన్నాను. ఆ పది నిమిషాలు రాత్రి రెండింటిదాకా సాగాయి. తప్పు ఎక్కడుందా అని వెతుక్కుంటూ వెళ్తే, చివరికి దాని మీద నా పేరే రాసి ఉంది. ఈ వారం కబురు అదే. కొంచెం టెక్నికల్‌గా ఉంటుంది. కానీ కోడింగ్ రాని వాళ్లకి కూడా అర్థమయ్యేలా చెప్తా, భయపడకండి.

ఇంతకీ సెర్చ్ సర్వర్ ఏం చేస్తుంది?

అప్పట్లో నేను పనిచేసిన కంపెనీ, చిన్న షాపులకి ఆన్‌లైన్ దుకాణం పెట్టిచ్చేది. కిరాణా, చీరలు, స్టేషనరీ, స్టీలు సామాను... ఏ షాపుకి ఆ షాపు పేజీ, ఏ షాపుకి ఆ షాపు సెర్చ్. సెర్చ్ కోసం ఎలాస్టిక్‌సెర్చ్ వాడేవాళ్లం. షే బానన్ అనే ఇంజినీర్ 2010లో విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ అది. దాని లోపల అసలు పని చేసేది లూసీన్ అనే జావా లైబ్రరీ. దాన్ని డగ్ కటింగ్ 1999లో రాశాడు.

ఇది చేసే పని మీ టెక్స్ట్‌బుక్ చివర్లో ఉండే పదసూచిక లాంటిదే. ‘కిరణజన్య సంయోగక్రియ - 45, 112’ అని ఉంటుంది చూడండి, అలా. ‘మంగళగిరి’ అనే మాట 14, 87, 203 నంబర్ చీరల్లో ఉంది అని ముందే రాసిపెట్టుకుంటుంది. మీరు వెతికినప్పుడు అన్ని చీరలూ తిరగేయదు, ఆ ఒక్క వరుస చూసి జవాబిస్తుంది. అందుకే అంత స్పీడు. ఈ పదసూచికనే ఇండెక్స్ అంటాం.

షాపుకో ఇండెక్స్... బాగానే ఉంది కదా!

డిజైన్ చేసింది నేనే. షాపుకో ఇండెక్స్ అన్నాను. మీటింగ్‌లో అందరూ తలూపారు. ఎందుకు ఊపరు? ఒకరి సరుకు ఇంకొకరి దాంట్లో కలవదు. షాపు మానేస్తే దాని ఇండెక్స్ ఒక్కటి డిలీట్ చేస్తే సరి. వినడానికి ఎంత నీట్‌గా ఉందో!

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఇండెక్స్ అనేది పైకి కనిపించే పేరు మాత్రమే. లోపల దాన్ని షార్డులు అనే ముక్కలుగా చేస్తుంది. ఒక్కో షార్డూ దానంతట అదే పూర్తి స్థాయి లూసీన్ ఇండెక్స్. దాని ఫైళ్లు దానివి, దాని జాబితాలు దానివి, మెమొరీలో దాని సామాను దానిది. పాత వెర్షన్లలో, ఏమీ చెప్పకపోతే ఒక్కో ఇండెక్స్‌కి 5 షార్డులు ఇచ్చేది. 2019లో వచ్చిన 7వ వెర్షన్ నుంచి దాన్ని ఒకటికి తగ్గించారు. మేం వాడింది 7వ వెర్షనే. కానీ నేను ఒక పాత ప్రాజెక్ట్ నుంచి సెట్టింగ్స్ ఫైల్ కాపీ కొట్టాను. అందులో 5 అని ఉంది. చూసుకోలేదు. దానికి తోడు ప్రతి షార్డ్‌కీ ఒక నకలు, అంటే రెప్లికా. మొత్తం షాపుకి 10.

లెక్క చూడండి. ఆ దసరా నాటికి మా దగ్గర 640 షాపులు. అంటే 6,400 షార్డులు. మూడు మెషిన్లు ఉన్నాయి కాబట్టి ఒక్కోదాని మీద సుమారు 2,133. మరి డేటా ఎంత? షాపుకి సగటున 3 ఎంబీ. 640 షాపులదీ కలిపితే 2 జీబీ లోపే. మీ ఫోన్‌లో ఒక సినిమా డౌన్‌లోడ్ చేస్తే అంతకంటే ఎక్కువే ఉంటుంది. అందులో ఒక్కో ముక్క 600 కేబీ. ఫ్యామిలీ గ్రూప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో కంటే కాస్త పెద్దది, అంతే.

పెళ్లికి 640 కుటుంబాలు వచ్చాయనుకోండి. అందరికీ టీ ఇవ్వాలి. ఒక పెద్ద గిన్నె పెట్టి కాచేస్తాం కదా. నేనేం చేశానంటే, కుటుంబానికి 5 పొయ్యిలు, పాడైతే ఉంటాయని ఇంకో 5 పొయ్యిలు, ప్రతి పొయ్యికీ ఒక సిలిండరు, పక్కన ఒక వంటమనిషి. టీ మాత్రం ఇంటికి రెండు కప్పులు. పాలు అయిపోలేదండీ, నిలబడడానికి చోటే లేకుండా పోయింది!

మెమొరీ ఎవరు తింటున్నారు?

జావా ప్రోగ్రాములకి మెమొరీలో హీప్ అని ఒక వాటా కేటాయిస్తాం. మా మెషిన్లకి 32 జీబీ ర్యామ్ ఉంటే, అందులో సగం, 16 జీబీ హీప్‌కి ఇచ్చాం. మిగతా సగం ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర ఉండాలి. డిస్క్ మీది ఫైళ్లని అది అక్కడ దాచిపెట్టుకుని లూసీన్‌కి చకచకా అందిస్తుంది.

హీప్‌ని డేటా తింటుందని మనం అనుకుంటాం. మా విషయంలో తిన్నది డేటా కాదు, దాని మీద పెట్టిన పర్యవేక్షణ. ప్రతి షార్డ్‌కీ, అందులోని ప్రతి సెగ్మెంట్‌కీ, అంటే చిన్న చిన్న ఫైళ్ల గుంపుకీ, మెమొరీలో కొంత స్థిర ఖర్చు ఉంటుంది. లోపల పది వస్తువులున్నా, లక్ష ఉన్నా ఆ ఖర్చు తప్పదు. పైగా ఏ షార్డ్ ఎక్కడుంది, ఏ ఇండెక్స్‌లో ఏ ఫీల్డులు ఉన్నాయి అనే చిట్టా మొత్తం ప్రతి మెషిన్ మెమొరీలోనూ ఉంటుంది. దాన్ని క్లస్టర్ స్టేట్ అంటారు.

ఆ ఫీల్డుల కథ ఇంకా ఘోరం. షాపు వాళ్లు వస్తువుకి వాళ్లకి నచ్చిన వివరాలు పెట్టుకోవచ్చని వదిలేశాం. ఒకరు ‘రంగు’ అని, ఒకరు ‘కలర్’ అని, ఇంకొకరు ‘చీర రంగు’ అని, మరొకరు ‘బార్డర్ రంగు’ అని. కొత్త పేరు కనిపించినప్పుడల్లా సర్వర్ దానికో కొత్త ఫీల్డ్ పుట్టించి, ఆ సంగతి చిట్టాలో రాసి, అన్ని మెషిన్లకీ టముకు వేసేది.

అప్పట్లో అందరూ చెప్పుకునే లెక్క ఒకటుంది: హీప్‌లో ఒక్కో జీబీకి 20 షార్డులు మించకూడదు. 16 జీబీకి 320. మా దగ్గర ఉన్నవి 2,133. ఆరు రెట్లకి పైనే. 8వ వెర్షన్‌లో ఈ ఖర్చు బాగా తగ్గించారు, ఆ లెక్క కూడా మార్చారు. కానీ తగ్గడం వేరు, ఉచితం కావడం వేరు.

అలారం మోగితే బ్యాటరీ తీసేశా

సర్వర్ మాకు ముందే చెప్పలేదా? చెప్పింది. 7వ వెర్షన్ నుంచి ఒక కాపలా ఉంది. సగటున మెషిన్‌కి 1,000 షార్డులు దాటితే కొత్త ఇండెక్స్ తయారు చేయనివ్వదు. మూడు మెషిన్లకి 3,000. అంటే సరిగ్గా 301వ షాపు చేరినప్పుడు ‘ఇక కుదరదు’ అని ఎర్రర్ వచ్చింది.

అప్పుడు నేనేం చేశాను? నెట్‌లో వెతికాను. ఆ లిమిట్ పెంచడానికి ఒక సెట్టింగ్ ఉందని తెలిసింది. 1,000 తీసేసి 2,500 పెట్టాను. రెండు నిమిషాల పని. షాపు చేరింది, సేల్స్ టీమ్ హ్యాపీ, చాట్‌లో నాకు చప్పట్ల ఎమోజీలు. అప్పు చేసి పప్పుకూడు అంటారే, అదే. ఆ లిమిట్ ఎందుకు పెట్టారో చదవడానికి ఇంకో పది నిమిషాలు ఖర్చు పెట్టి ఉంటే, తెనాలి ఆంటీకి ఆ సాయంత్రం నాతో పని ఉండేది కాదు.

ఆ రాత్రి

పండగ రద్దీకి సెర్చ్‌లు పెరిగాయి. షాపుల వాళ్లు స్టాక్ మారుస్తూనే ఉన్నారు. హీప్ ముందే నిండుగా ఉంది కదా, ఒక మెషిన్‌లో 95 శాతం దగ్గరికి వెళ్లిపోయింది. జావా అప్పుడు పనులన్నీ ఆపి చెత్త ఏరుకోవడం మొదలుపెడుతుంది. దాన్నే గార్బేజ్ కలెక్షన్ అంటాం. ఏరడానికి చెత్తేమీ లేదు, ఉన్నదంతా వాడకంలో ఉన్న సామానే. అయినా ఏరుతూనే ఉంది. ఆ మెషిన్ పలకడం మానేసింది.

‘ఇది పోయింది కాబోలు’ అని మాస్టర్ నోడ్ దాన్ని జాబితా నుంచి తీసేసింది. ఒక నిమిషం ఆగి, దాని షార్డుల నకళ్లని మిగతా రెండు మెషిన్ల మీద తయారు చేయడం మొదలుపెట్టింది. 2,133 మోయలేక మెషిన్ పడిపోతే, మిగతా రెండింటినీ 3,200 చొప్పున మోయమంటోంది! ఏడింటికల్లా రెండోది కూడా తూలింది.

లాగ్‌లో ఒకటే ఎర్రర్ మళ్లీ మళ్లీ: ‘డేటా టూ లార్జ్’. మెమొరీ పూర్తిగా నిండి సర్వర్ కుప్పకూలకుండా, లోపలి ఫ్యూజు కొట్టేసి రిక్వెస్టుని వెనక్కి పంపేటప్పుడు వచ్చే మాట అది. మొత్తం డేటా 2 జీబీ. నా జీవితంలో అంత వెక్కిరింపుగా కనిపించిన ఎర్రర్ ఇంకోటి లేదు.

కంగారులో నేను ఇంకో తప్పు చేశా. హీప్‌ని 16 నుంచి 26 జీబీకి పెంచాను. అది మార్చాలంటే సర్వర్ రీస్టార్ట్ చేయాలి. చేస్తే ఆ వేల షార్డులూ మళ్లీ ఒక్కొక్కటిగా తెరుచుకోవాలి. ఉన్న రోగానికి ఇదో గోరుచుట్టు మీద రోకలిపోటు. ముప్పావు గంట పోయింది. ఆ ముప్పావు గంటా 640 షాపుల్లో సెర్చ్ లేదు.

చివరికి పదకొండింటికి తల కాస్త పనిచేసింది. మూడు పనులు చేశాం. స్టాక్ అప్‌డేట్లని కాసేపు ఆపాం. మూసేసినవి, ట్రయల్‌తో ఆగిపోయినవి కలిపి 70 షాపుల ఇండెక్స్‌లు తీసేశాం. నకళ్లని సున్నా చేశాం. దాంతో 6,400 కాస్తా 2,850కి దిగాయి. నకళ్లు లేకుండా నడపడం రిస్కే. ఒక మెషిన్ పోతే అందులోని షార్డులు పోతాయి. కానీ అసలు డేటా వేరే డేటాబేస్‌లో భద్రంగా ఉంది, కావాలంటే మళ్లీ కట్టుకోవచ్చు. రెండింటికి సెర్చ్ నిలబడింది. బేరాల టైము ఎప్పుడో అయిపోయింది.

అన్నా, ఇన్ని ముక్కలెందుకు?

సోమవారం మీటింగ్‌లో నేను ‘ఇంకో మూడు మెషిన్లు కావాలి’ అని స్లైడ్ వేశాను. రెండు నెలల కిందటే చేరిన ట్రైనీ అమ్మాయి చెయ్యెత్తింది.

“అన్నా, డేటా మొత్తం రెండు జీబీయే కదా. ఇన్ని ముక్కలెందుకు?”

రూమ్‌లో రెండు సెకన్లు నిశ్శబ్దం. నా దగ్గర జవాబు లేదు. ‘మొదట్నుంచీ అలాగే ఉంది’ అనేది జవాబు కాదు, పైగా మొదట పెట్టింది నేనే. స్లైడ్ మూసేశాను. ఆ తర్వాత మూడు వారాలు ఇద్దరం కూర్చుని మొత్తం మార్చాం.

అన్ని షాపుల సరుకూ ఒకే ఇండెక్స్‌లో పెట్టాం. ప్రతి వస్తువుకీ అది ఏ షాపుదో చెప్పే ఒక నంబర్ ఉంటుంది. ఒకటే షార్డ్, మిగతా రెండు మెషిన్ల మీద చెరో నకలు. మొత్తం 3. రెండు షాపులకి మాత్రం నిజంగానే వేరే ఇండెక్స్ అవసరమైంది. ఒకటి పుస్తకాల షాపు, వాళ్లకి మాటల్ని విడగొట్టే పద్ధతి వేరుగా ఉండాలి. ఇంకోటి హోల్‌సేల్ షాపు, ధరలు రోజంతా మారుతూనే ఉంటాయి. ఒక్కోదానికి షార్డ్ ఒకటి, నకలు ఒకటి. మొత్తం కలిపి 7. అవును, 6,400 ఉన్న చోట 7.

కలపడంలో ఉన్న తిప్పలు

‘అయితే ఎప్పుడూ కలిపేయడమే మంచిదా?’ అంటే, కాదు. కలిపినప్పుడు మాకు ఎదురైనవి చెప్తా వినండి.

అన్నిటికంటే భయపెట్టింది ఇది. టెస్టింగ్‌లో ఒక షాపు పేరుతో వెతికితే ఇంకో షాపు సరుకు వచ్చింది, వాళ్లు కొన్న ధరతో సహా! ఒక్క చోట షాపు నంబర్ ఫిల్టర్ రాయడం మర్చిపోయాం. అదే కస్టమర్ల ముందు జరిగి ఉంటే? పక్కపక్కనే ఉండే రెండు చీరల షాపులకి ఒకరి కొనుగోలు ధర ఇంకొకరికి తెలిస్తే ఏమవుతుందో వ్యాపారం చేసే ఇంట్లో పుట్టిన ఎవరినైనా అడగండి. దానికి రెండు పనులు చేశాం. కొన్న ధర లాంటివి సెర్చ్ సర్వర్‌లోకి పంపడమే మానేశాం, కస్టమర్‌కి చూపించని వివరానికి అక్కడ పనేముంది? రెండోది, ఫిల్టర్‌ని మన కోడ్‌కి వదిలేయకుండా షాపుకో అలియాస్ పెట్టాం. అలియాస్ అంటే మారుపేరు. ఆ పేరుతో వెళ్తే షాపు ఫిల్టర్ దానంతట అదే పడుతుంది. మా కోడ్‌కి అసలు ఇండెక్స్ పేరు కూడా తెలియకుండా చేశాం. అలియాస్‌లకి కూడా చిట్టాలో కాస్త చోటు పోతుంది, కానీ షార్డ్‌తో పోలిస్తే అది చిల్లర.

రెండో తిప్ప ఫీల్డులు. ఒక్కో ఇండెక్స్‌కి మామూలుగా 1,000 ఫీల్డులు దాటనివ్వదు. అన్ని షాపుల ‘రంగు’, ‘కలర్’, ‘బార్డర్ రంగు’ ఒకే చోట చేరితే అది ఎప్పుడో దాటిపోతుంది. ఈసారి మాత్రం లిమిట్ పెంచలేదు, బుద్ధొచ్చింది! షాపు వాళ్ల సొంత వివరాలన్నీ ‘ఫ్లాటెన్డ్’ అనే ఒకే రకం ఫీల్డ్‌లో పెట్టాం. లోపల ఎన్ని పేర్లున్నా చిట్టాలో ఒక్కటే లెక్క.

మూడోది ర్యాంకింగ్. అరుదైన మాటకి సెర్చ్ ఎక్కువ విలువ ఇస్తుంది. స్టేషనరీ షాపులో ‘పట్టు’ అనే మాట అరుదు. అన్నీ కలిపాక, చీరల షాపుల వల్ల అది మామూలు మాటైపోయింది. కొన్ని షాపుల్లో ఫలితాల వరుస మారింది. వస్తువు పేరులో మాట ఉంటే ఎక్కువ మార్కులు పడేలా సర్దుకున్నాం.

నాలుగోది డిలీట్. ముందు, షాపు మానేస్తే ఇండెక్స్ తీసేస్తే క్షణంలో పోయేది. ఇప్పుడు ఆ షాపు వస్తువుల్ని వెతికి ఒక్కొక్కటిగా కొట్టేయాలి. కొట్టేసినా అవి వెంటనే డిస్క్ మీద నుంచి పోవు, సెగ్మెంట్లు కలిసేదాకా ‘తీసేశాం’ అనే గుర్తుతో అక్కడే ఉంటాయి.

అంటే విడిగా ఉంచడంలో ఒక ఖర్చు, కలపడంలో ఇంకో ఖర్చు. నేను చేసిన తప్పు విడిగా పెట్టడం కాదు. దానికి ఖర్చే లేదనుకోవడం.

మీరూ ఈ పనిలో ఉంటే

ఇంజినీరింగ్ చదువుతున్న వాళ్లకీ, కొత్తగా ఉద్యోగంలో చేరిన వాళ్లకీ ఓ నాలుగు మాటలు.

1. డేటా ఎన్ని జీబీలో చూసే ముందు, షార్డులు ఎన్నో చూడండి. ‘క్యాట్ షార్డ్స్’ అనే ఒక్క కమాండ్ చాలు. ఒక్కో షార్డ్ 10 నుంచి 50 జీబీ మధ్య ఉంటే మంచిదని సాధారణంగా చెప్తారు. మీవి కేబీల్లో ఉంటే ఆగి ఆలోచించండి.

2. హీప్‌కి ర్యామ్‌లో సగానికి మించి ఇవ్వొద్దు. ర్యామ్ ఎంతున్నా హీప్‌ని 32 జీబీ లోపే ఉంచండి. అది దాటితే జావా లోపలి చిరునామాలు సైజు పెరిగి, ఇచ్చిన మెమొరీలో కొంత వాటికే పోతుంది.

3. లాగ్‌ల కోసం రోజుకో ఇండెక్స్ పెట్టే అలవాటుంటే, రోజు లెక్కన కాకుండా సైజు లెక్కన కొత్తది మొదలయ్యేలా పెట్టండి. దాన్ని రోలోవర్ అంటారు. పాతవి వాటంతట అవే పోయేలా గడువు కూడా పెట్టండి.

4. కాపీ కొట్టిన సెట్టింగ్స్ ఫైల్‌లో ప్రతి లైనూ చదవండి. లిమిట్ పెంచే ముందు, అది ఎందుకుందో ఒక వాక్యంలో చెప్పగలరా అని మిమ్మల్ని మీరే అడగండి. చెప్పలేకపోతే చెయ్యి తీసేయండి.

కొత్త పద్ధతికి మారే ముందు షాపులన్నిటికీ మెసేజ్ పంపాం. తెనాలి ఆంటీ ఫోన్ చేసింది. దసరా సంగతి ఎత్తుతుందేమో, తిడుతుందేమో అనుకున్నా. ఆవిడ అడిగింది వేరే.

“అందరి సరుకూ ఒకే చోట పెడుతున్నామని రాశారు. మా షాపు లెక్కలు పక్క షాపాయనకి కనిపించవు కదా బాబూ?”

టెస్టింగ్‌లో ఏం జరిగిందో నాకు తెలుసు. “కనిపించవండీ. కొన్న ధరలు అసలు అందులో పెట్టనే లేదు. దొంగకి తాళం దొరికినా, బీరువాలో ఏమీ ఉండదు” అన్నాను.

“అలా చెప్పు నాన్నా, అర్థమైంది” అని నవ్వింది. “మరి వచ్చే దసరాకి గిర్రున తిరగదుగా?”

తిరగలేదు. ఆ శనివారం సాయంత్రం ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చున్నా. పదింటిదాకా ఒక్క కాల్ కూడా రాలేదు.

వచ్చే వారం కలుద్దాం.